నూట ఎనిమిది జేడ్ పూసలతో కండ్లకోయ దాకా

కాశీకి వెళ్ళినవాళ్ళు తమకి ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలేసి రావాలంటారు. మా వీధిలో ఒకాయన కాకరకాయ వదిలేసి వచ్చాడు. అంతకుముందు ఆయన కాకరకాయ తినగా చూసినవాళ్ళెవరూ లేరు. నేను వెళ్ళింది కాశీకి కాదు, హైదరాబాదుకి ఉత్తరాన ఉన్న శామీర్‌పేట, మేడ్చల్, కండ్లకోయలకి. అక్కడ చూడదగ్గవి ఏమున్నాయంటే చెరువుంది, జింకల పార్కుంది, ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. పార్కులోకి గానీ కాలేజీల్లోకి గానీ నేను అడుగు పెట్టలేదు. అయినా రెండు రోజుల్లో నా పరువూ, నా తోడల్లుడి పరువూ, ఊరూ పేరూ తెలియని ఒక ముసలావిడ జపమూ కలిసి చెరువు గట్టు మీద దొర్లిపోయాయి. కాబట్టి అటు వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

తెనాలి: మేకుకి వేలాడిన మాల

ముందు పేమా సంగతి చెప్పాలి. పేమా టిబెటన్ మనిషి. పద్దెనిమిది చలికాలాలు మా తెనాలి వచ్చి స్కూలు గోడ పక్కన స్వెట్టర్ల కొట్టు పెట్టింది. తెనాలిలో చలికాలమంటే ఫ్యాను ఐదు మీద నుంచి మూడు మీదకి తిప్పడం. అయినా మా ఊరి ఆడవాళ్ళు ఏటా స్వెట్టర్లు కొన్నారంటే అది ఆమె ప్రతాపమే. మా ఇంటి వెనక గది ఆ మూడు నెలలూ ఆమెకి అద్దెకిచ్చేవాళ్ళం. మా ఆవిడ అన్నపూర్ణని అక్కా అని పిలిచేది, ఆ లెక్కన నేను బావగారిని. తెలుగులో ఆమెకి మొట్టమొదట అర్థమైన మాట ‘కొసరు’. రెండు స్వెట్టర్లు కొని, కొసరుగా ఒక జత మేజోళ్ళు పడెయ్యమని అడగని ఆడది మా ఊళ్ళో లేదు. అడిగినవాళ్ళలో మొదటిది అన్నపూర్ణ.

మూడేళ్ళ కిందట ఒక రోజు పేమా స్నానం చేస్తుండగా, కూతురికి ఒంట్లో బాగాలేదని ఫోనొచ్చింది. తడి జుట్టుతోనే బస్సెక్కి వెళ్ళిపోయింది. స్నానానికి ముందు మెడలోంచి తీసి బాత్రూం బయట మేకుకి తగిలించిన మాల అక్కడే ఉండిపోయింది. నూట ఎనిమిది జేడ్ పూసలు, పైన లెక్కలోకి రాని ఒక పెద్ద మేరు పూస. అసలైన రాయి కావడంతో రంగు ఒక్కలా ఉండదు. కొన్ని లేత గోంగూర ఆకు రంగు, కొన్ని తెలుపులోకి తిరిగిన పచ్చ. పేమా వాళ్ళ అమ్మ పడుచుగా ఉన్నప్పుడు ఆ మాల మెడలో వేసుకుని, మంచుకొండలు నడిచి దాటి మన దేశానికి వచ్చి, తర్వాత కూతురికి ఇచ్చిందట.

తర్వాత పేమా రాలేదు, ఫోన్ నంబరు పనిచెయ్యలేదు. అన్నపూర్ణ మాలని దేవుడి గదిలోకి చేర్చింది. ఊరికే ఉంచడమెందుకని జపానికి వాడుకుంది. బుద్ధుడి మాల మీద మూడేళ్ళు లలితాదేవి నామాలు నడిచాయి. ఇద్దరు దేవుళ్ళలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

పాత ఫోనుతోపాటు మా నంబరూ పోగొట్టుకున్న పేమా, మొన్న ఫిబ్రవరిలో ఎక్కడినుంచో అది సంపాదించి ఫోన్ చేసింది. ఇప్పుడు కూతురితో మేడ్చల్‌లో ఉంటోందట. స్వెట్టర్లు మానేసి కండ్లకోయ కాలేజీల దగ్గర మోమోల బండి పెట్టుకుందట. కర్ణాటకలో తమవాళ్ళ ఊళ్ళో ఉన్న తల్లికి తొంభై దాటాయి, చూపు పోయింది, ఇక ఎక్కువ రోజులు ఉండదన్నారు. ఆ తల్లి ఖాళీ చేతిని ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో లేని పూసల్ని తిప్పుతూ ‘నా మాల ఏది’ అని రోజూ అడుగుతోందట. ఆదివారం సాయంత్రం పేమా బండి ఎత్తేసి తల్లి దగ్గరికి వెళ్ళిపోతోంది.

అన్నపూర్ణకి మోకాలు సహకరించదు. కొరియర్‌లో పంపుదామన్నాను.

“మీ అమ్మగారి అస్థికలు కొరియర్‌లో పంపారా?” అంది.

ఆ తర్వాత షరతులు వరసగా వచ్చాయి. మాల సంచిలో చెప్పుల పక్కన పెట్టకూడదు, మెడలో వేసుకోవాలి. మెడలో ఉండగా నీచు ముట్టకూడదు. గొడుగు తీసుకెళ్ళాలి. చివరికి నా ఎదుటే ఒక్కో పూసా లెక్కపెట్టింది.

“నూట ఎనిమిది లెక్కపెట్టి ఇస్తున్నాను. నూట ఎనిమిదీ లెక్కపెట్టి అప్పగించండి.”

మూడు షరతుల్లో నేను నిలబెట్టుకున్నది గొడుగొక్కటే. అది కూడా తెరవకుండా మోశాను.

శుక్రవారం, యాప్రాల్

సికింద్రాబాద్‌లో రైలు దిగి యాప్రాల్‌లో ఉన్న తోడల్లుడి ఇంటికి చేరాను. పేరు ప్రకాశం, మా మరదలు సుభద్ర భర్త. సైన్యంలో పాతికేళ్ళు చేసి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. యాప్రాల్ నిండా ఇలా రిటైరైనవాళ్ళే. సాయంత్రం నిక్కర్లు, తెల్ల బూట్లు వేసుకుని కుక్కల్ని నడిపిస్తుంటారు. మా తెనాలిలో కుక్కలు మమ్మల్ని పరిగెత్తిస్తాయి, ఎవరి ఆరోగ్యానికైనా అదే మంచిది. ఇక్కడ ఒక కుక్క నన్ను చూసి మొరగకుండా ఊరుకుంటే నాకే ఏదోలా అనిపించింది.

ప్రకాశానికి తెలియని విషయం ప్రపంచంలో లేదు. నా మెడలో మాల చూడగానే పెదవి విరిచాడు.

“అన్నయ్యా, ఇది గాజు. నేను అరుణాచల్‌లో నాలుగేళ్ళు చేశాను. అసలు జేడ్ అలా బజార్లో స్వెట్టర్లు అమ్ముకునేవాళ్ళ దగ్గర ఉండదు.”

“వాళ్ళ అమ్మది.”

“వాళ్ళ అమ్మనీ మోసం చేసి ఉంటారు.”

ఇక పరీక్షలు మొదలయ్యాయి. మొదట బుగ్గకి ఆనించాడు. అసలు జేడ్ చల్లగా ఉంటుందట, ఒంటి వేడికి త్వరగా వెచ్చబడదట. చల్లగానే ఉంది. “ఫ్యాను గాలికి,” అన్నాడు. తర్వాత రెండు పూసలు ఒకదానికొకటి తట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. వీధిలో హారన్ మోగింది, ఆ పరీక్ష చెల్లలేదు. మూడోది కత్తి పరీక్ష. ఉక్కు కత్తితో గీస్తే గాజు మీద గీత పడుతుందట, జేడ్ మీద పడదట. వంటింట్లోంచి చాకు తెచ్చాడు. సుభద్ర అది లాక్కుని, “ఎవరో ముసలావిడ ప్రాణం పెట్టుకున్న వస్తువు, మీ ఇద్దరికీ బుద్ధుందా?” అంది. ఆ ఇంట్లో పరీక్షలు అక్కడితో ఆగిపోయాయి. నిజం చెప్పొద్దూ, నాకూ తెలుసుకోవాలనే ఉంది. మూడేళ్ళు మా దేవుడి గదిలో హారతులందుకున్నది గాజో రాయో తేలితే అన్నపూర్ణని కొన్నాళ్ళు ఏడిపించవచ్చు.

శనివారం, శామీర్‌పేట

శనివారమే వెళ్ళి మాల ఇచ్చేద్దామని ప్రకాశం స్కూటర్ మీద బయల్దేరాం. మేడ్చల్‌కి తిన్నగా పోయే దారుంది. కానీ శామీర్‌పేట చెరువు చేపలు తిననివాడు హైదరాబాదు వచ్చినట్టు కాదని ప్రకాశం వాదన. శనివారం నీచు తినని నా నియమం గురించి చెబితే, “ఇవాళ కొని రేపు తిను,” అన్నాడు.

చెరువు గట్టు మీద, రాళ్ళు పేర్చిన వాలుకి పైన, యాదమ్మ అనే ఆవిడ చేపలమ్ముతోంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. నీళ్ళ తొట్టిలో ఐదు కొర్రమీనులు, నల్లగా నిగనిగలాడుతూ ప్రాణాలతో ఉన్నాయి. ఇక్కడ వాటిని కొర్రమట్టలంటారు. మా వైపు చేప చచ్చిందా లేదా అని మొప్పలెత్తి చూస్తాం. ఇక్కడ తొట్టి దగ్గరికి ముఖం పెడితే చేపే మనల్ని పైకెగిరి చూస్తుంది. ధర వింటే నాకూ ఎగరాలనిపించింది. ఆమె పక్కన మామగారు ముత్తయ్య, కాళ్ళు చాపుకుని చిరిగిన వల అల్లుతున్నాడు. ప్రకాశం రెండు చేపలు బేరం చేసి కొసరడిగాడు. యాదమ్మ గుప్పెడు చిన్న చేపలు తీసి పైన వేసింది. కొసరు రాష్ట్రం మారినా మారలేదని సంతోషించాను. గొడుగుని తొట్టి అంచుకి తగిలించి, నేనూ కూర్చున్నాను.

చేపలు కోసే కత్తిపీట చూడగానే ప్రకాశం కళ్ళు మెరిశాయి.

“అన్నయ్యా, మాల ఓసారి ఇలా ఇవ్వు.”

ఇవ్వకూడదు. ఇచ్చాను.

“ఏంది సారూ గిది? పూసలను కోస్తరా?” అంది యాదమ్మ.

“కొయ్యనమ్మా. కొద్దిగా గీస్తానంతే. అసలుదో నకిలీదో తెలుస్తుంది.”

“నకిలీదైతే ఏంజేస్తవు? అసల్దైతే ఏంజేస్తవు?”

ఆ రెండు రోజుల్లో నేను విన్న అత్యంత తెలివైన ప్రశ్న అదే. ప్రకాశం తొట్టి మీదికి వంగి, ఒక పూసని కత్తి అంచు మీద పెట్టి బలంగా రాశాడు. పూస పక్కకి జారింది.

రాయి మీద గీత పడలేదు. దారం తెగింది.

అసలైన జేడ్ ఎంత నున్నగా దొర్లుతుందో నేను అప్పుడే చూశాను. తొట్టి చుట్టూ, కత్తిపీట కింద, రాళ్ళ సందుల్లో, వాలు మీదుగా నీళ్ళ అంచు దాకా పచ్చగా పరుచుకుపోయాయి. ప్రకాశం ఒక అడుగు వేశాడు.

“కదలకుర్రి!” అని అరిచింది యాదమ్మ. “ఎక్కడోల్లు అక్కడ్నే నిలవడుర్రి. కాళ్ళ కింద నలుగుతయ్. మామా, జల్దీ రా!”

సైన్యంలో పాతికేళ్ళు చేసినవాడు ఆ కేకకి బిగుసుకుపోయి నిలబడ్డాడు. యాదమ్మ, ముత్తయ్య మోకాళ్ళ మీద పాకుతూ చేపల గంపలోకి పూసలు ఏరారు. ముత్తయ్య వేళ్ళు రాళ్ళ సందుల్లోకి ఎలా పోయేవో గానీ ఖాళీగా మాత్రం వచ్చేవి కావు. తర్వాత మమ్మల్నీ కదలనిచ్చారు. నేను ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాను. మొదటి లెక్కకి తొంభై ఒకటి. రెండోసారి నూట నాలుగు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి నూట ఏడూ, మేరు పూసా దొరికాయి. నూట ఎనిమిదోది మాత్రం దొరకలేదు.

“చేప మింగి ఉంటుంది,” అన్నాడు ప్రకాశం.

“మింగలే సారూ. రాయికీ పురుగుకూ ఫరక్ తెలవదా దానికి?” అంది యాదమ్మ.

అయినా మా మనసు ఒప్పుకోలేదు. తొట్టిలో మిగిలిన మూడూ కొనేశాం. ఐదు కొర్రమట్టల కడుపులూ కోయించి చూశాం. చేపలకే మా కంటే ఎక్కువ వివేకం ఉందని రుజువైంది.

సరిగ్గా అప్పుడే అన్నపూర్ణ ఫోన్ చేసింది.

“ఇచ్చేశారా?”

“దారిలో ఉన్నాం.”

“మాల మెడలోనే ఉందా?”

గంపలోకి చూశాను. “భద్రంగా ఉంది.”

ఫోన్ పెట్టేశాక నాకు నిజంగా సిగ్గేసింది. ఎక్కడో ఒక ముసలావిడ ఖాళీ వేళ్ళు తిప్పుతూ ఎదురు చూస్తోంది. ఆవిడ మంచులో నడిచి, కొండలు దాటించి తెచ్చుకున్న వస్తువుని నేను తెనాలి నుంచి రైల్లో కూర్చుని తెచ్చి, ఇంకో పది మైళ్ళు దాటించలేకపోయాను. ఇదంతా ముత్తయ్యకి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది. ఆయన వల పక్కన పెట్టి విన్నాడు.

“చేతులు ఊకెనే ఆడుతున్నయా ముసలమ్మకు?” అని అడిగాడు.

“అవునట.”

“మా అమ్మ గూడ పోయేముంగట గట్లనే జేసింది. మూడొద్దులు మంచంల పండుకొని వల అల్లినట్టు చేతులు ఆడిచ్చింది. ఓ వల ముక్క చేతిలవెడ్తే నిమ్మలమైంది.” గంప తన వైపు లాక్కున్నాడు. “పరేషాన్ గాకుర్రి. నేను గుచ్చిస్త. నడుమ నడుమ ముడేస్త. ఇగ తెగినా ఒక్కటే పడ్తది, అన్ని పడయ్. రేపు పొద్దుగాల రార్రి.”

డబ్బు తీయబోతే ముఖం చిట్లించి మళ్ళీ వల అందుకున్నాడు. ఆ రోజు సుభద్ర ఇంట్లో ఐదు కొర్రమీనులూ, గుప్పెడు చిన్న చేపలూ చూసి ఏ పెళ్ళికని అడిగింది.

ఆదివారం, రావల్కోల్

పొద్దున్నే వెళితే మాల సిద్ధంగా ఉంది. సన్నటి నైలాన్ వలదారం, ప్రతి పూసకీ పూసకీ మధ్య బిగువైన ముడి. అంత చక్కటి పని నేను నగల కొట్లో కూడా చూడలేదు. మేరు పూసకి కాస్త ఇవతల, పచ్చ పూసల మధ్య, బూడిద రంగులో ఇంకేదో ఉంది.

“ఇదేంటి ముత్తయ్యా?”

“విసురు వలకు కట్టే సీసం గుండు సారూ. నూట ఎనిమిదుండాలె అంటిరి గదా. ఒకటి తక్కువుంటే ముసలమ్మ లెక్క ఆగమైతది. పాత వలది, మంచిగ అరిగింది. చేతికి నున్నగుంటది.”

దండం పెట్టి బయల్దేరాం. కిలోమీటరు పోయాక ప్రకాశం స్కూటర్ ఆపి వెనక్కి తిరిగాడు.

“అన్నయ్యా, బౌద్ధులు జీవహింస చెయ్యరు కదా?”

“చెయ్యరు.”

“ఆ సీసం ఎన్ని వేల చేపల్ని ముంచి ఉంటుంది?”

నేను మెడలోంచి మాల తీసి చూశాను. ఒక పూస పోగొట్టడం ఒక తప్పు. దాని స్థానంలో చేపలు చంపిన సీసం పెట్టి, చావుబతుకుల్లో ఉన్న బౌద్ధురాలి చేతిలో పెట్టడం ఇంకో తప్పు. ఒక తప్పు దిద్దబోయి దానికంటే పెద్దది చేసుకొచ్చామని ఇద్దరికీ అర్థమైంది. స్కూటర్‌కి కూడా అర్థమైనట్టుంది, రావల్కోల్ దగ్గర పంక్చరైంది.

పంక్చరువాడి కోసం ప్రకాశం చక్రం విప్పుకుని ఊళ్ళోకి వెళ్ళాడు. నేను రోడ్డు పక్క పొలంలో, షెడ్డు నీడన కూర్చున్న ఒక అవ్వ దగ్గర చేరాను. ఎవరని అడగలేదు, తిన్నావా అని అడిగింది. జొన్నరొట్టె మీద ఎర్రటి కూర పెట్టి చేతిలో పెట్టింది. నోట్లో పెట్టుకోగానే గుర్తుపట్టాను.

“గోంగూర!”

“పుంటికూర,” అంది అవ్వ.

“మా వైపు దీన్ని గోంగూర అంటారవ్వా.”

“మీరేమన్న అనుకోర్రి. ఇది పుంటికూర.”

తెనాలివాణ్ణి, గోంగూర విషయంలో ఒకరి దగ్గర పాఠం నేర్చుకోవలసిన రోజు వస్తుందనుకోలేదు. వెల్లుల్లి దట్టంగా వేసిన ఆ కూర మా ఇంటి పచ్చడి కంటే బాగుందన్న సంగతి అన్నపూర్ణకి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, ఆవిడ నా రాతలు చదవదు.

అవ్వ మాల అడిగి తీసుకుంది. అందరిలాగే ముందు బుగ్గకి ఆనించుకుంది.

“ఎండల ఉన్నా సల్లగున్నయ్. ఏ దేవునియి?”

“బుద్ధుడివి.”

“ఏమడుగుతడు? కోడా, యాటపోతా?”

“ఏమీ అడగడు. కళ్ళు మూసుకుని కూర్చుంటాడు.”

“గట్లయితే మంచోడే,” అని తిరిగిచ్చేసింది.

మేడ్చల్

మేడ్చల్ చేరేసరికి ప్రకాశానికి ఒక ఉపాయం తట్టింది. సీసం గుండు తీసేసి అక్కడ ఏదైనా పచ్చ పూస గుచ్చేస్తే సరి. ముసలావిడకి చూపులేదు, పేమాకి లెక్క సరిపోతుంది, ఎవరికీ ఏ బాధా ఉండదు. ఇంత నీచమైన ఉపాయం నాకు ముందు తట్టనందుకు చిన్నతనంగా ఉన్నా, వెంటనే ఒప్పుకున్నాను.

బజార్లో ఫ్యాన్సీ దుకాణంలో ఉన్నావిడ, జడకి పెట్టుకునే క్లిప్పులోంచి పచ్చ ప్లాస్టిక్ పూస ఒకటి పీకి ఇచ్చింది. రంగు బాగానే కలిసింది. తర్వాత ఆవిడే ముడి విప్పడానికి కూర్చుంది. గోరుతో గీకింది, సూదితో పొడిచింది, పళ్ళతో కొరికింది. ముడి కదల్లేదు.

“గీ ముడేసింది ఎవలు సారూ?”

“చేపలు పట్టేవాళ్ళు.”

“గట్ల చెప్పుర్రి. వలముడి ఇప్పుతే వస్తదా? కోసుడే.”

కోసుడనే మాట వినగానే ప్రకాశం రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకున్నాడు. ప్లాస్టిక్ పూస నా జేబులో వేసుకుని బయటికొచ్చాను.

పేమా ఉంటున్న గది తాళం వేసి ఉంది. గుమ్మంలో కట్టిన మూటలు రెండు. ఇంటావిడ చెప్పింది, పేమా బండి సామాను అప్పజెప్పడానికి కండ్లకోయ వెళ్ళింది, కూతురు ఈ మూటలు తీసుకుని అక్కడికే పోతుంది, అటునుంచి అటే ప్రయాణమని.

కండ్లకోయ

ఆదివారం కాబట్టి కాలేజీ బస్సుల్లేవు, రోడ్డు పక్కన బళ్ళన్నీ కప్పేసి ఉన్నాయి. ఒక్క బండి దగ్గర మాత్రం ఒక ఆడమనిషి అల్యూమినియం గిన్నెలు తోముతోంది. జుట్టు నెరిసింది, లావెక్కింది. నన్ను చూడగానే మసి చేతులతోనే లేచి నిలబడింది.

“బావగారూ! ఏవిటండీ ఇంత చిక్కిపోయారు? అక్క అన్నం పెట్టట్లేదా ఏంటి?”

ఆ చుట్టుపక్కల మావాళ్ళ నోట కాకుండా నేను విన్న మొదటి తెనాలి మాట ఒక టిబెటన్ నోట్లోంచి వచ్చింది. ఆ సంగతే అంటే నవ్వింది.

“ఇక్కడ కాలేజీ పిల్లలు నన్నేమంటారో తెల్సా? ఆంధ్రా ఆంటీ అంటారండీ. ఆంధ్రా ఆంటీ మోమోలు!”

చేతులు రెండుసార్లు కడుక్కుని, చీర కొంగుకి బదులు వేసుకున్న తువ్వాలుకి తుడుచుకుని, చాచింది. నేను మాల ఇచ్చాను. తలకి తాకించుకుంది. కళ్ళు మూసుకుని బొటనవేలితో పూసలు జరపడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. ప్రకాశం స్కూటర్ అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

దాదాపు చివరికి వచ్చింది. వేలు సీసం గుండు మీద ఆగింది. కళ్ళు తెరిచింది.

జేబులో ప్లాస్టిక్ పూస నా వేళ్ళకి తగులుతోంది. దానివల్ల ఉపయోగం లేదు. చెప్పేశాను, కత్తిపీటా, తెగిన దారమూ, దొరకని పూసా, ముత్తయ్యా, ఆయన తల్లీ, అన్నీ. “ఇది చేపల వల గుండు పేమా. చేపల్ని చంపిన సీసం. మీ అమ్మ చేతిలో పెట్టదగ్గది కాదు. తప్పంతా నాది,” అన్నాను. వెనకనుంచి ప్రకాశం, “నాది,” అన్నాడు. అతను ఏదైనా ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

పేమా ఆ గుండుని బొటనవేలి కింద అటూ ఇటూ తిప్పింది.

“బావగారూ, మాలలో నూట ఎనిమిది ఎందుకుంటాయో తెల్సాండీ?”

“పుణ్యసంఖ్య.”

“అదీ అంటారు. మా అమ్మ ఏం నేర్పిందంటే, మాల మొత్తం తిప్పితే వందనే లెక్క. వందే. మనసెక్కడికో పోతుంది, మంత్రం తప్పు పలుకుతాం, ఒకటి మర్చిపోతాం. పూస పగులుతుంది, పోతుంది. అందుకని ఎనిమిది ఎక్కువ పెట్టారు.” ఆ మాట కోసం ఒక్క క్షణం వెతుక్కుని, దొరికినందుకు ముఖమంతా నవ్వింది. “కొసరండీ! మీ ఊళ్ళో అందరూ నన్ను కొసరు కొసరని చంపుకు తిన్నారు కదా. ఇది దేవుడిచ్చిన కొసరు. మీరు పోగొట్టింది ఒక్కటే. ఇంకా ఏడు పోగొట్టొచ్చు.”

నాకు నవ్వొచ్చింది.

“మరి సీసం?”

“ఇన్నాళ్ళూ చేపల్ని ముంచింది పాపం. అమ్మ వేలు దీని దగ్గర ఆగుతుంది కదా, ఇదేంటని అడుగుతుంది. చెప్తాను. ఈ పూస దగ్గర ఆ చేపల కోసం ఒక మంత్రం చెప్పుకుంటుంది. దానికీ పుణ్యమే, ఆ పెద్దాయనకీ పుణ్యమే. మీకు కూడా కొంచెం.”

“నాకో?” అన్నాడు ప్రకాశం.

“మీరు చేపలు తిన్నారా?”

“ఐదు.”

“అయితే లేదండీ,” అంది పేమా.

చివరి గిన్నెలో మిగిలిన పిండితో మా ఇద్దరికీ మోమోలు చేసి పెట్టింది. క్యాబేజీవి, వేడిగా, నోరు కాలేంత కారం పచ్చడితో. ప్లేటుకి ఎనిమిదని బండి మీద రాసి ఉంది. లెక్కపెడితే తొమ్మిదున్నాయి.

మళ్ళీ తెనాలి

ఇంటికొచ్చి అన్నపూర్ణకి అప్పగించేశానని చెప్పాను. లెక్కపెట్టే ఇచ్చారా అంటే, నూట ఎనిమిదీ ఇచ్చానన్నాను. ఆ ముక్కలో అబద్ధం లేదు.

నెలన్నర తర్వాత ఒక సాయంత్రం అకాల వాన పట్టుకుంది. పాల ప్యాకెట్టు తేవాలి. మూల నుంచి గొడుగు తీసి, అరుగు మీద నిలబడి, హైదరాబాదు నుంచి వచ్చాక మొదటిసారి తెరిచాను. టక్కున ఏదో రాలి, అరుగు మీద దొర్లుకుంటూ పోయి అన్నపూర్ణ కాలికి తగిలి ఆగింది. ఆవిడ వంగి తీసింది. లేత గోంగూర ఆకు రంగు. ఆ రోజు తొట్టి అంచుకి తగిలించిన గొడుగు మడతల్లోకి దూకి కూర్చుంది. దానికోసం ఐదు చేపల కడుపులు కోయించాం గానీ, గొడుగు వైపు చూడాలని నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

“నూట ఎనిమిదీ ఇచ్చానన్నారు,” అంది.

వాన తగ్గేదాకా చెప్పాను. ఆవిడ తిట్టలేదు, అదే భయంగా ఉంది. నేరుగా పేమాకి ఫోన్ చేసింది. “పేమా, ఒక పూస మా దగ్గరే ఉండిపోయిందే. మనిషికిచ్చి పంపుతాను,” అంది. అవతలనుంచి పేమా చాలాసేపు మాట్లాడింది. అన్నపూర్ణ అరుగు మీద కూలబడి, మోకాలు సంగతి మర్చిపోయి వింది. ఫోన్ పెట్టేశాక ఆ మాటలు నాకు చెప్పింది.

వాళ్ళమ్మ పది రోజుల కిందట పోయిందట. చేతిలో మాల పెట్టిన రోజు నుంచీ ఆ ఖాళీ వేళ్ళు తిప్పడం మానేసిందట. సీసం గుండు దగ్గరికి రాగానే ఆగి, చేపలకి ఒకటి చెప్పుకుని, నవ్వుకునేదట. పోయేటప్పుడు వేలు దాని మీదే ఉందట.

“పూస పంపొద్దంది. అమ్మ లెక్క అయిపోయింది కదా, అది అక్కకి నేనిచ్చే కొసరంది,” అని చెప్పి, అన్నపూర్ణ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

దాన్ని దేవుడి గదిలో పెట్టలేదు. దారానికి గుచ్చి, బాత్రూం బయట ఆ పాత మేకుకే తగిలించింది. పొద్దున స్నానానికి వెళ్ళేముందు ఆవిడ చూడకుండా తీసి బుగ్గకి ఆనించుకుంటాను. ఏప్రిల్ ఎండల్లో కూడా చల్లగానే ఉంటుంది.